నీళ్లు లేని చోట చేపలు

2024 జూలై. పార్లమెంటు సమావేశాలు నడుస్తున్నాయి. ఢిల్లీలో ఉక్క ఎలా ఉందంటే, మయూర్ విహార్‌లో ఇస్త్రీ చొక్కాతో మెట్రో ఎక్కినవాణ్ణి దిగేసరికి ఉతికి పిండని చొక్కాతో దిగేవాణ్ణి. ఇందులో సగం కోత అని మా సొసైటీలో ఎవరిని అడిగినా చెబుతారు. నా మాటలు సగానికి తగ్గించి వినడం అక్కడివాళ్లకి అలవాటు. కింద రాసేదాంట్లో మాత్రం తగ్గించుకోవాల్సింది ఏమీ లేదు. అదే నా బాధ.

ఇరవై రెండేళ్లుగా నేను ఎంపీల దగ్గర పీఏని. ఎన్నికలకి ఎంపీలు మారతారు, నేను మారను. ఊళ్ల నుంచి కష్టం ఫోన్లో తెలుగులో వస్తుంది. దాన్ని ఇంగ్లిష్‌లోకి దించి, ఎంపీ సంతకంతో ప్రశ్నగా పంపడం నా పని. అప్పుడు మా సార్ తెలంగాణలో అంతా పల్లెటూళ్లే ఉన్న ఒక నియోజకవర్గం నుంచి గెలిచినాయన. ఎవరు ఫోన్ చేసినా "మా వెంకట్రావుతోని మాట్లాడు" అని నా నంబర్ ఇచ్చేసేవారు.

అలా తగిలింది నర్సవ్వ. ఊళ్లో పాలకేంద్రం నడుపుతుంది.

"సారూ, మా ఊరి గేటు తీసేసి రైలు కట్ట కింద బాట ఏసిన్రు. వాన పడితె అండ్ల మెడ లోతు నీళ్లు. దవాఖాన అవతల, మేము ఇవతల. మొన్న లచ్చవ్వ కోడలు ఆ నీళ్ల ఒడ్డుకే, ఆటోలనే కన్నది. నా బిడ్డకు ఇప్పుడు మూడో నెల. ఏడో నెలల తోలుకొస్త. అప్పటికన్న నీళ్లు పోవాలె."

"పోతాయమ్మా, సార్‌తో అడిగిస్తాం."

"అగో, చేపలు గూడ పడుతున్నరు అండ్ల. చెరువు అలుగు పారి కొట్టుకొచ్చినయ్. అది గూడ రాయి."

నాకు నవ్వొచ్చింది. కోతలు కోసేవాడికి ఎదుటివాళ్లవీ కోతల్లాగే వినిపిస్తాయి. చేపల్ని తీసేసి మిగతాది రాశాను.

మొదట వేసింది అన్‌స్టార్డ్ క్వశ్చన్. అంటే సభలో నోరు విప్పక్కర్లేదు, జవాబు కాగితం మీద వస్తుంది. దానికో అచ్చు ఉంది: ఫలానా సంగతి ప్రభుత్వానికి తెలుసా, తెలిస్తే వివరాలేమిటి, తెలియకపోతే కారణాలేమిటి, తీసుకున్న చర్యలేమిటి. పక్షం రోజులు ఎదురుచూశాక ఆ అండర్‌పాస్ కట్టిన శాఖ నుంచి జవాబు వచ్చింది. "నీరు తోడుటకు మోటారు ఏర్పాటు చేయబడినది. నీరు నిలుచుట లేదు. కావున మిగతా ప్రశ్నలు పుట్టవు."

అదే నర్సవ్వకి చదివి వినిపించాను.

"ప్రశ్న పుట్టదా? లచ్చవ్వ మనుమడు పుట్టలేదా ఆడ?"

"మోటారు ఉందంటున్నారమ్మా."

"ఉన్నది. రేకుల షెడ్డుల పెట్టి తాళమేసిన్రు. దానికి కరెంటు తీగ లేదు."

తల పట్టుకున్నాను. మోటారు ఏర్పాటు చేశామన్నది నిజం. నీళ్లు నిలవడం లేదన్నది ఢిల్లీలో కూర్చున్న కాగితానికి నిజం.

ఇక జీరో అవర్ పట్టుకున్నాం. ప్రశ్నల గంట అయ్యాక ఎంపీలు తమ ఊళ్ల గోడు లేచి చెప్పుకునే వేళ అది. పొద్దున పదిలోపు నోటీసు పడాలి, ఆ తర్వాత బ్యాలెట్, అంటే లాటరీ. మొదటిసారి మా పేరు రాలేదు. రెండోసారీ రాలేదు. మూడోసారి పేరు వచ్చింది. సార్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నారు. గొడవ జరిగి సభ వాయిదా పడింది. ఆయన ఆ కాగితాన్ని నా టేబుల్ మీద పడేశారు.

"ఏందయ్యా వెంకట్రావ్! సర్పంచ్‌గ ఉన్నప్పుడు గిట్లాంటిది ఒక్క పూటల చేయించిన. ఇంతదూరం వచ్చి చీటి ఎత్తుకోవాల్నా?"

సమావేశాలు ముగిశాయి. సెప్టెంబరు వానలకి చెరువు మళ్లీ అలుగు పారింది. నర్సవ్వ వారం వారం ఫోన్ చేసేది. "నీళ్లు నడుం దాక", "నీళ్లు బుజాల దాక" అని వాతావరణ వార్తల్లా చెప్పేది. నవంబరులో ఒకసారి నీళ్ల మాట ఎత్తలేదు.

"బిడ్డను తోలుకొచ్చిన సారూ. పట్టాల మీదికెల్లి దాటించిన. ఒక దిక్కు నేను, ఒక దిక్కు అల్లుడు పట్టుకున్నం. నొప్పులొచ్చిన్నాడు గట్ల దాటుతదా, నువ్వే చెప్పు."

మాట మార్చాను. ఊరికే ఉండలేక, "నర్సవ్వా, ఆ చేపల సంగతి నిజమేనా?" అన్నాను.

"నేనెందుకు అబద్దమాడుత?" అని కోపంగా పెట్టేసింది. పావుగంటలో వీడియో వచ్చింది. రైలు వంతెన కింద, ఛాతీ లోతు నీళ్లలో ఒకాయన వల విసురుతున్నాడు. వలలో ఎగురుతున్నవి చేపలే.

శీతాకాల సమావేశాలకి ఒక ప్రశ్న తయారుచేశాను. ఈసారి అండర్‌పాస్ శాఖకి కాదు, చేపల పెంపకం చూసే శాఖకి. ఫలానా ఊళ్లో ఫలానా చోట ఉన్న నీటివనరులో జనం చేపలు పడుతున్న సంగతి ప్రభుత్వానికి తెలుసా, దాన్ని అభివృద్ధి చేసే ఆలోచన ఉందా?

సార్ రెండుసార్లు చదివారు. "చేపలు లేకపోతే నా ఇజ్జత్ పోతది. ప్రశ్నల రాసినదానికి జవాబుదారీ నాది."

వీడియో చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "వీడు మా రాజయ్య గదా" అని సంతకం పెట్టారు.

పక్క గదిలో టైపు చేసే మిశ్రాజీ కాగితం చూసి, "అరే రావ్ సాబ్, రైల్ కే నీచే మఛ్లీ? ఆప్ భీ!" రైలు కింద చేపలేమిటండీ అని పడీపడీ నవ్వాడు. సహజం. నేను చెప్పిందేదైనా అతనికి కథే.

డిసెంబరులో జవాబు వచ్చింది. ఆ శాఖ పద్ధతిగా జిల్లాకి రాసింది. జిల్లా నుంచి ఎవరో ధర్మాత్ముడు టేపు పట్టుకుని వెళ్లి కొలిచాడు. "సదరు చోట నాలుగడుగుల లోతు నీరు ఉన్నది. చేపలు కూడా ఉన్నవి. అయితే అది చెరువు కాదు, రైలు వంతెన కింది రహదారి. కావున చేపల పెంపకమునకు అనువు కాదు."

జవాబు చదివి సార్ మొదటిసారి నన్ను కుర్చీలో కూర్చోమన్నారు.

ఆ సమావేశాల చివరి వారం బ్యాలెట్‌లో మా పేరు వచ్చింది. ఈసారి సభ వాయిదా పడలేదు. తెలుగులో మాట్లాడతానని ముందే రాసిచ్చాం కాబట్టి దుబాసీ సిద్ధంగా ఉన్నాడు. నేను ఆఫీసులో టీవీ ముందు నిలబడ్డాను.

"అధ్యక్షా, నా చేతుల రెండు కాగితాలున్నయ్. రెండూ సర్కారువే. ఒకటి మా ఊరి బాటల నీళ్లే లేవంటది. ఇంకొకటి నీళ్లున్నయ్, చేపలున్నయ్, గాని బాట గనుక చేపలు పెంచరాదంటది. నీళ్లు లేనికాడ చేపలెట్ల బతుకుతున్నయో సర్కారే చెప్పాలె. నవ్వకుండ్రి. ఆ ఒడ్డుకు ఆటోల ఒక తల్లి కన్నది. ఇంకో తల్లికి నెలలు నిండుతున్నయ్."

ఇచ్చిన టైం అయిపోయి మైకు కట్ అయింది. అప్పటికే రెండు వైపులా బల్లలు చరిచారు.

మర్నాడు పొద్దున్నే ఆ మొదటి శాఖ నుంచి ఫోన్. నా ఇరవై రెండేళ్లలో వాళ్లంతట వాళ్లు చేసిన మొదటి ఫోన్ అది. వారంలోగా షెడ్డు తాళం తీసి, మోటారుకి కరెంటు ఇచ్చారు. అయిదు నెలల పని. తీగ పొడవు చూస్తే రెండు స్తంభాల దూరం.

జనవరిలో నర్సవ్వ ఫోన్ చేసింది.

"ఆడపిల్ల సారూ! దవాఖాననే. ఆటో వంతెన కిందికెల్లి సర్రున పోయింది." వెంటనే దెప్పింది. "జూలైలనే చెప్పిన గద చేపల ముచ్చట. నువ్వు రాయకపోతివి."

అయిదు నెలలు ఎవరెవరినో తిట్టుకున్నాను. ఆమె మొదటి రోజే చేతిలో పెట్టిన సాక్ష్యాన్ని కొట్టేసింది మాత్రం నా పెన్నే. ఆ రోజు నుంచి ఫోన్లో ఎవరేం చెప్పినా, ఎంత వింతగా ఉన్నా, వాళ్ల మాటల్లోనే రాసుకుంటున్నాను. తీసెయ్యాలా వద్దా అన్నది ఎవరో ఒకరు వెళ్లి చూసొచ్చిన తర్వాతే.

ఇంత జరిగాక సొసైటీలో ఈ కథ చెబితే మా ఎదురింటాయన సావధానంగా విని, "చేపల దాకా ఓకే రావుగారూ, మర్నాడే ఫోన్ వచ్చిందన్నారు చూడండి, అక్కడ దొరికిపోయారు" అన్నాడు. అందుకే ఆ రెండు జవాబుల జిరాక్సులూ సంచిలో పెట్టుకు తిరుగుతున్నాను. ఫోన్ వచ్చిందనడానికే నా దగ్గర కాగితం లేదు.