ఒక్కడి చేతిలో ఊపిరి

సంగీతం టీచరుగా రిటైరయ్యాక జ్ఞానాంబ గజపతినగరంలో ఓ అద్దె ఇల్లు తీసుకుని, క్వారీ దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైనవాళ్ల కోసం కేంద్రం తెరిచింది. మంచాలు, ఆక్సిజన్ యంత్రాలు, నెలనెలా మందులు అన్నీ నరసింగరావే ఇచ్చేవాడు. క్వారీ కూడా ఆయనదే. అది తెలిసే తీసుకుంది. ఇంకెవరూ ఇవ్వలేదు మరి.

ఓసారి ఆయన వచ్చి, "రేపు ఆఫీసర్ల మీటింగులో ఈలకి బీడీల వల్లే దగ్గొచ్చినాదని సెప్పండి పంతులమ్మా" అన్నాడు. మీటింగులో ఆమె నోరు విప్పలేదు. ఆ నెల మందులు ఆలస్యమయ్యాయి. అవి వచ్చేలోగా కూర్మయ్య అనే డ్రిల్లు పనివాడు పోయాడు.

కూర్మయ్య దినం అయ్యాక జ్ఞానాంబ కేంద్రంలోని నర్సు యమునను కూర్చోబెట్టి చెప్పింది. "వచ్చే ఉగాదికి మన ఖర్చులో సగం బయటివాళ్లు ఇవ్వాలి. ఆ పై ఏడాది ఆయన ఇవ్వకపోయినా తలుపు తెరిచే ఉండాలి."

"ఎవులిస్తారమ్మగారూ?"

"కొంచెం కొంచెంగా, చాలామంది. అడగడం మనకు చేతకాదు. ముందు అది నేర్చుకుందాం."

ఇద్దరూ బజారంతా తిరిగారు. మొదట మాట తడబడేది. పోనుపోను యమున ధైర్యంగా అడగసాగింది. కిరాణా షాపాయన, టిఫిన్ సెంటరు లక్ష్మణమ్మ, లారీ యజమాని రమేష్‌బాబు నెలనెలా ఇస్తామన్నారు.

నరసింగరావు నవ్వుతూ వచ్చాడు. "నా డబ్బు సేదైపోనాదేటి పంతులమ్మా?"

"ఒక్కరిమీదే బరువెందుకని."

"నాకు బరువని ఎవులు సెప్పినారు?" అన్నాడాయన. నవ్వుతూనే వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే రమేష్‌బాబు ఫోన్ చేశాడు. "నా లారీలన్నీ ఆయన కంకర మీదే తిరుగుతన్నాయి. నన్నొగ్గేయండమ్మా." కిరాణా షాపాయన ఎదురుపడితే తల తిప్పుకున్నాడు. లక్ష్మణమ్మ మాత్రం పెరటి దారిన వచ్చి ఇచ్చి, ఎవరితోనూ అనొద్దని బతిమాలింది.

జ్ఞానాంబ ఊరు దాటి వెళ్లింది. నెల్లిమర్లలో, కొత్తవలసలో, విజయనగరంలో తన దగ్గర పాట నేర్చుకున్నవాళ్ల గుమ్మాలెక్కింది. వాళ్లు కాదనలేదు. ఉగాదికి అనుకున్న సగం వచ్చింది.

పండగ వెళ్లగానే కేంద్రం ఉన్న ఇంటి యజమాని ఖాళీ చేయమన్నాడు. కారణం చెప్పలేదు. నరసింగరావు మనుషులు వచ్చి యంత్రాలు, మంచాలు పట్టుకుపోయారు. ఆమె రోగులను తన ఇంటికే తెచ్చుకుని, వచ్చిన సొమ్ముతో ఒక యంత్రం కొంది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఓ కంకర లారీ ఆమె గుమ్మం ఎదుట ఆగుతుంది. ఇంజను ఆపరు. పొగ, దుమ్ము నేరుగా ముందుగదిలోకే వస్తాయి. యమున తడి దుప్పట్లు కిటికీలకు కడుతుంది. వచ్చే రోగులు ఒక్కొక్కరే తగ్గుతున్నారు. జ్ఞానాంబ మాత్రం ఉన్నవాళ్లను వెనకగదిలో కూర్చోబెట్టి, ఊపిరి ఎలా నిలపాలో నేర్పుతోంది. బయట ఇంజను మోగుతూనే ఉంటుంది.