కుళాయి దగ్గర ఎవరి వంతు

న్యూజిలాండ్ వచ్చి ఆస్ట్రేలియా బొమ్మల మీద పరీక్ష రాయడమేమిటని ఎవరైనా అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో తెలియదు. మా ఒంగోలు వైపు మాత్రం ఎవరూ అడగలేదు. వాళ్ల లెక్కలో ఆ రెండు దేశాలూ ఒకటే. న్యూజిలాండ్‌లో ఉన్న నన్ను మా మేనమామ ఇప్పటికీ "సిడ్నీలో వానలు పడుతున్నాయా అమ్మాయ్?" అనే పలకరిస్తాడు.

నేను చేరింది బిజినెస్ డిప్లొమాలో. అందులో ఒక్క పేపరు మాత్రం బయటి సబ్జెక్టు తీసుకోవాలి. ఆక్లండ్ నగరం మౌంట్ రాస్కిల్‌లో నలుగురు తెలుగమ్మాయిలం ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. అందులో పెద్దది, మా సీనియర్ అక్క, తేల్చేసింది.

"ఆబొరిజినల్ ఆర్ట్ తీసుకోవే, అదే, ఆస్ట్రేలియా ఆదివాసుల బొమ్మలు. అన్నీ బొమ్మలే, లెక్కల్లేవు. కళ్లు మూసుకుని పాస్ అయిపోవచ్చు."

బొమ్మల పేపరు కళ్లు మూసుకుని ఎలా పాసవుతారో నేను అడగలేదు. సీనియర్ చెప్పాక, పైగా తనూ అదే పేపరు తీసుకుంటున్నాక ఇంకేముంది, తీసేసుకున్నాను.

పాఠం చెప్పేది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. మొదటి రోజే, "నేను ఆదివాసిని కాను. వాళ్లు నాకు చెప్పిందే, చెప్పమన్నంత వరకే మీకు చెబుతాను" అంది. అదేదో మర్యాదకు అంటోంది అనుకున్నాను. రెండో వారం మమ్మల్ని గ్యాలరీకి తీసుకెళ్లింది. గోడంత గుడ్డ మీద వేల చుక్కలు, మధ్యలో రెండు పెద్ద వలయాలు, వాటిని కలుపుతూ మెలికల గీతలు. ఎర్రమట్టి రంగు, పసుపు, తెలుపు. నిజం చెప్పొద్దూ, చూడగానే ఒళ్లు ఝల్లుమంది. వెంటనే నా తెలివి అడ్డొచ్చి, ఇది చుక్కల ముగ్గే కదా, మా వీధిలో ఏ గుమ్మం ముందు చూసినా ఉంటుంది అంది. పైకే అనేశాను కూడా.

ఆవిడ నవ్వలేదు. "మీ చుక్కలు ముగ్గు వేయడానికి. వీళ్ల చుక్కలు కొన్నిచోట్ల దాచడానికి కూడా. అందరూ చూడకూడనిదాన్ని చుక్కలతో కప్పేస్తారు," అంది. ప్రతి బొమ్మ వెనకా ఒక కథ, ప్రతి కథకూ సొంతదారులుంటారట. మనది కాని కథను అడగకుండా బొమ్మ గీయకూడదట, చెప్పకూడదట. నేను బుద్ధిగా తలూపాను. పాఠం వినడం వేరు, బుర్రకెక్కడం వేరు.

అప్పటికే నేను వేరే లోకం కనిపెట్టి ఉన్నాను. మన దగ్గర గైడు కొనాలన్నా, పాత ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీయించుకోవాలన్నా ఎవరినో బతిమాలుకోవాలి. ఇక్కడ కంప్యూటర్ తెరిస్తే చాలు. ఒక సైటు పాఠాన్ని పది ముక్కల్లోకి కుదిస్తుంది. ఒకటి ఇంగ్లిషు తప్పులు దిద్దుతుంది. ఇంకొకటి మనం రాసింది ఎక్కడినుంచైనా ఎత్తిందేమో వెతికి శాతంతో సహా చెబుతుంది. అన్నిటికన్నా నాకు నచ్చినవి ఫ్లాష్‌కార్డులు. ముందు వైపు ప్రశ్న, వెనక వైపు జవాబు. మనం తయారుచేసి పెడితే ఎవరైనా వాడుకోవచ్చు. నా కార్డులు క్లాసంతా వాడేది. ఇంట్లో ఎవరూ గుర్తించని నా ప్రతిభను పంజాబీలు, చైనావాళ్లు, సీనియర్ అక్కతో సహా గుర్తించారు. తల కాస్త తిరిగింది, ఒప్పుకుంటాను.

చివరి అసైన్‌మెంట్‌లో గ్యాలరీలో చూసిన ఆ బొమ్మే వచ్చింది. "ఈ చిత్రం గురించి మీకు తెలిసింది రాయండి." దాని పక్కన గోడ మీద ఉన్నది రెండే ముక్కలు: ఇది ఇద్దరు అక్కచెల్లెళ్లదీ ఒక నీటి చోటుదీ కథ, మిగతాది ఆ కుటుంబం దగ్గరే ఉంటుంది. అంతే. పదిహేను మార్కుల ప్రశ్నకు రెండు ముక్కలా! అంతర్జాలమంతా జల్లెడ పట్టాను. ఎక్కడా లేదు. మరి మనం ఏ బళ్లో చదువుకున్నాం? ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు, రాకపోతే ఏదో ఒకటి కల్పించి పేజీ నింపు అని మా మాస్టర్లు పదో తరగతి దాకా నెత్తిన మొట్టి మరీ చెప్పారు. నింపాను.

ఇద్దరు అక్కచెల్లెళ్లు, నీటి చోటు అనగానే నాకు తెలిసిన కథ ఒక్కటే. మా వీధి చివరి మున్సిపాలిటీ కుళాయి దగ్గర మా అమ్మా, మా పిన్నీ. ఎండాకాలం, నీళ్లు వదిలేది రెండు రోజులకోసారి. ఒకరి వంతులో ఇంకొకరు బిందె పెట్టారు. మాటా మాటా పెరిగింది, బిందె సొట్టపోయింది. ఎదురెదురు ఇళ్లలో ఉంటూ ఎనిమిదేళ్లుగా మాటల్లేవు. ఆస్ట్రేలియా ఎడారిలో ఇత్తడి బిందెలు బాగోవని చెక్క తొట్లు అని మార్చాను. వంతు ఎవరిదో, తప్పు ఎవరిదో కూడా నేనే తీర్పు చెప్పి, చివర్లో నీటి చోటు ఎండిపోయిందని ముగించాను. ఎత్తిరాతలు వెతికే సైటులో పెడితే సున్నా శాతం వచ్చింది. నూటికి నూరుపాళ్లు సొంతం! పొంగిపోయి కార్డు చేసి అందరికీ పెట్టాను.

తరువాతి సోమవారం ఆవిడ కాగితాల కట్టతో వచ్చింది. పద్దెనిమిది మంది రాశాం, పద్నాలుగు మంది కాగితాల్లో అవే చెక్క తొట్లు.

"ఈ కథ మీకెవరిచ్చారు?"

సీనియర్ అక్క నేలచూపులు చూస్తోంది. పదమూడు మందిని ముంచి నేను గట్టున కూర్చోవడం నావల్ల కాలేదు. చెయ్యెత్తాను. క్లాసయ్యాక ఆవిడ నన్ను ఆపింది.

"ఎవరి కథ ఇది?"

"మా అమ్మది."

"ఆమెను అడిగావా?"

అమ్మను అడగడమేమిటి! అమ్మ కథ నాది కాదా?

ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది. శుక్రవారం లోపు అందరూ ఆ జవాబు మళ్లీ రాయాలంది. నాకు మాత్రం ఇంకో మాట. ఆ కథను ఆ బొమ్మకు అంటగట్టకూడదు. మీ అమ్మ ఒప్పుకుంటే మీ ఇంటి కథగా, నీ పేరుతో రాయి. ఒప్పుకోకపోతే ఆ చోటు వదిలెయ్. రెండిట్లో ఏదీ చేయకపోతే ఫెయిల్. ఈ పేపరు పోతే డిప్లొమా రాదు, డిప్లొమా రాకపోతే నా వీసా మీద ఉద్యోగం వెతుక్కునే వీల్లేదు. పెట్టె సర్దుకుని ఒంగోలు దారి పట్టడమే.

ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం, అన్నాల వేళ. అంతా విని అగ్గిమీద గుగ్గిలమైంది.

"ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా! దేశంకాని దేశంలో మా పరువు తీయడానికా నిన్ను పంపింది?"

తిట్టి తిట్టి ఆగింది. తరువాత గొంతు తగ్గించి అడిగింది.

"వంతు ఎవరిదని రాశావ్?"

చెప్పాను. "సగం కథే నాది. మిగతా సగం దానిది. దాన్నడుగు," అని పెట్టేసింది.

పిన్నికి చేశాను. "నన్నడిగేదేంది? మీ అమ్మకు నోరు లేదా, దాన్నే వచ్చి అడగమను," అంది. మళ్లీ అమ్మకు. "నేనా? గడప తొక్కడమా? ఛీ!" బుధవారం అయిపోయింది. గురువారం నాకు ఏడుపొచ్చేసింది. ఫోన్లోనే భోరుమన్నాను. "అమ్మా, రేపటితో అయిపోతుందే. వెనక్కొచ్చేస్తాను, నీకిష్టమేగా!"

అమ్మ ఫోన్ పెట్టేసింది. గంటన్నర తరువాత ఫోను మోగింది. అమ్మ నంబరే, కానీ వినిపిస్తున్నవి రెండు గొంతులు.

"ఆ రోజు బిందె ముందు పెట్టిందెవరో చెప్పవే దానికి!" ఇది అమ్మ.

"నువ్వు ఇంట్లో కూర్చుని ఎట్టా చూశావ్, చెప్పు!" ఇది పిన్ని.

ఎనిమిదేళ్లుగా ఆగిపోయిన పోట్లాట ఆగిన చోటే మళ్లీ మొదలైంది. మధ్యలో నన్ను మరిచిపోయారు. గొంతు చించుకుని, రాయమంటారా వద్దా అని అరిచాను.

"వద్దు!" ఇద్దరూ ఒకేసారి అన్నారు. అమ్మ ఇంకో మాట కలిపింది. "అదింకా తేలలేదు."

శుక్రవారం నా కాగితంలో నాలుగు వాక్యాలే ఉన్నాయి. ఇది ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ. ఇక్కడ ఒక నీటి చోటు ఉంది. మిగతాది ఆ కుటుంబం దగ్గర ఉంది. నాకు చెప్పలేదు, అందుకే రాయడం లేదు. పుట్టి బుద్ధెరిగాక పేజీలో అంత తెల్లకాగితం వదలడం అదే మొదలు. పాసయ్యాను, అంచుమీద.

నా కార్డు ఆ రోజే తీసేశాను. కాపీలు ఇంకా తిరుగుతున్నాయి. మొన్న, ఇన్నేళ్ల తరువాత, నేనిప్పుడు ఉంటున్న జాన్సన్‌విల్‌లో మా పక్కింటి అమ్మాయి చెక్క తొట్ల కథ బట్టీ పడుతుంటే, అది తప్పమ్మా, మా ఇంటి కథ అన్నాను. "లేదు ఆంటీ, చాలా కార్డుల సెట్లలో ఉంది," అని నాకే నచ్చజెప్పింది.

అమ్మా, పిన్నీ ఇప్పుడు రోజూ పోట్లాడుకుంటున్నారు, కాఫీ తాగుతూ. ఇది రాసే ముందు ఇద్దరినీ విడివిడిగా అడిగాను. ఇద్దరూ సరేనన్నారు. ఆ రోజు వంతు ఎవరిదో మాత్రం రాయకూడదన్నారు. రాయలేదు.