మాబున్నీసా మౌనవ్రతం

ఆదోనిలో నూర్ బాషా దూదేకి ఇస్తే, భార్య మాబున్నీసా పరుపులు కుడుతుంది. కుడుతూ మాట్లాడుతుంది. మనుషులు దొరక్కపోతే దూదితో, దారంతో, చివరికి దబ్బనంతోనైనా మాట్లాడుతుంది. దబ్బనం పరుపులో దిగేటప్పుడు "పో నాయనా, పో" అని సాగనంపి, అటువైపు తేలగానే "వస్తివా?" అని పలకరించందే ఆమెకు కుట్టు పడదు. మనవడు చాంద్ ఆ పక్కనే దూదిలో పొర్లుతూ వింటుండేవాడు.

వినడమే. మూడో ఏడు నడుస్తున్నా వాడు నోరు విప్పలేదు. చెవులు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పినా తల్లి ఫర్హానాకు కంటిమీద కునుకు లేదు. ఆమెది ఉర్దూ మాట్లాడే పుట్టిల్లు. "అత్తది తెలుగు, నీది ఉర్దూ. పిల్లోని బుర్ర కలగాపులగం అయింటాది" అని ఎవరో చుట్టం ఫోనులో అంది.

"అత్తా, కొన్నాళ్లు వాని ముందర తెలుగు వద్దు" అని బతిమాలింది ఫర్హానా.

మాబున్నీసా ఉర్దూ సలాములకూ పెళ్లి పిలుపులకూ సరిపోయేంతే. మనవడి కోసమని నోటికి తాళం వేసుకుంది. పాపం, కడుపు ఉబ్బిపోయేది. బజారుకు పోయి గాజులమ్మే ఆమెతో కసితీరా మాట్లాడి వచ్చేది. ఇల్లు మాత్రం బావురుమంది.

పసిబుర్ర ఊరికే ఉంటుందా! ఏ శబ్దం వెనక ఏది వస్తుందో, ఎవరి నోట ఏది పలుకుతుందో గుట్టుగా పట్టేసుకుంటూనే ఉంటుంది. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఒక మధ్యాహ్నం మాబున్నీసా పెదవులు బిగబట్టి కుడుతోంది. దబ్బనం దిగింది, తేలింది. చాంద్ ఆమె నోటివంక చూశాడు. మళ్లీ దిగింది, మళ్లీ తేలింది. రావలసిన మాట రాకపోయేసరికి వాడికి ఒళ్లు మండినట్టుంది. అరచేత్తో పరుపు మీద ఒక్కటి కొట్టి, "వత్తివా!" అన్నాడు.

వంటింట్లోంచి ఫర్హానా పరుగున వచ్చింది. వాడు తల్లివైపు తిరిగి దబ్బనం చూపిస్తూ, అదే కబురు ఆమె భాషలో చెప్పాడు: "అమ్మీ, సూయీ ఆయీ!"

కలగాపులగమూ లేదు, ఏమీ లేదు. జేజి మాట జేజికి, అమ్మ మాట అమ్మకి విడివిడిగా దాచిపెట్టుకున్నాడు వెధవ.

ఫర్హానా ఏడుస్తూ నవ్వుతూ కొడుకును ముద్దులతో ముంచెత్తింది. మాబున్నీసా కళ్లలోనూ నీళ్లే. కానీ నోరు తెరవలేదు. తెరవచ్చా అన్నట్టు కోడలి ముఖంలోకి చూస్తూ కూర్చుంది.

ఆ చూపు చూసి ఫర్హానా కొడుకును వదిలింది. వచ్చి ఆమె పక్కనే దూదిలో కూలబడింది.

"మాట్లాడత్తా. వానితోనే కాదు, నాతో గూడా మాట్లాడు. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో నాకు శానా బిక్కుబిక్కుమంటాండాది."