చెయ్యి ఊపే ఊరు

కురాంగీలో ఎదురొచ్చిన బండికి స్టీరింగ్ మీంచి ఒక వేలైనా ఎత్తి పలకరించకపోతే, ఆ మనిషికి పొగరని సాయంత్రానికల్లా ఊరంతా చెప్పుకుంటారు. గోధుమ చేల నడుమ ఉన్న ఆ చిన్న ఊళ్ళో మర్యాదకు అంత పట్టింపు. గ్లెనిస్ ఓర్టన్ అక్కడే పుట్టింది. బడిపిల్లలకు సైకిలు నేర్పుతూ అక్కడే ముసలిదైంది. మెత్తని మనిషేం కాదు. హెల్మెట్ పట్టీ వదులుగా కనిపిస్తే చాలు, "ఇంట్లో ఇంకో తలకాయ దాచుకున్నావా?" అని గద్దించేది. రోడ్డు మీది గీత దగ్గర ఆగడం, భుజం మీదుగా వెనక్కి చూడడం, బ్రేకు పట్టడం, అన్నీ నోరు నొప్పెట్టేదాకా చెప్పేది. భర్త మెర్వ్ ఓ పక్కన కూర్చుని పిల్లల సైకిళ్ళ చైన్లకు నూనె వేస్తూ, తిట్లు తిన్నవాళ్ళకు కన్నుగీటేవాడు. పిల్లలకు ఆమె అంటే హడలు, ఆయనంటే ప్రాణం.

కిందటి కోతల కాలంలో టీగన్ అనే తొమ్మిదేళ్ళ పిల్ల పెద్దరోడ్డు దాటబోతూ గీత దగ్గర ఆగింది. నేర్పినట్టే ఆగింది. అటుగా వస్తున్న మెర్వ్ తన బండి ఆపి, వెళ్ళు తల్లీ అన్నట్టు చెయ్యి ఊపాడు. అదీ ఆ ఊరి పిల్లే కదా! తనూ ఒక చెయ్యి ఎత్తి, నవ్వి, ఆయన వంకే చూస్తూ తొక్కింది. అవతలి వైపు నుంచి నిండా గోధుమలతో లారీ వస్తోంది. దాన్ని ఆపడం డ్రైవరు తరం కాలేదు.

తప్పు ఎవరిదీ కాదని పోలీసులు తేల్చారు. ఊరూ అదే అంది. టీగన్ వాళ్ళింటికీ, మెర్వ్ వాళ్ళింటికీ వంటలు చేసి గిన్నెల్లో తెచ్చి గుమ్మంలో పెట్టారు. మెర్వ్ మాత్రం మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు.

కొత్త తరగతి మొదలయ్యే ముందు టీగన్ తల్లి బ్రాన్విన్, బేకరీ ముందు గ్లెనిస్‌కు ఎదురుపడింది.

"దానికి అన్నీ నేర్పావు గ్లెనిస్. ఎవరో చెయ్యి ఊపారని కదలొద్దని ఎందుకు నేర్పలేదు?"

మర్యాదను నమ్మొద్దని పిల్లలకు చెప్పాలన్న ఆలోచన ఆ ఊళ్ళో ఎవరికి తడుతుంది?

ఈసారి మొదటి పాఠం అదేనని గ్లెనిస్ ఇంటికెళ్ళి మెర్వ్‌తో చెప్పింది.

"వద్దు గ్లెన్," అన్నాడాయన. "నా పేరెత్తకపోయినా అందరికీ అర్థమవుద్ది. పెద్దాళ్ళ జాలి ఎలాగో భరిస్తున్నా. పిల్లలు కూడా నన్ను చూసి జంకితే నావల్ల కాదు."

"ఇంకో పిల్ల పోతే నీవల్ల అవుద్దా?"

అన్న మరుక్షణమే నాలుక కరుచుకుంది. ఆయన లేచి షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

ఇక బడికి రాడనుకుంది గానీ, వచ్చాడు. ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని పిప్పా అనే పిల్ల సైకిలుకు చైను బిగించసాగాడు.

"ఎవరు చెయ్యి ఊపినా కదలొద్దు," అని మొదలుపెట్టింది గ్లెనిస్. "రెండు వైపులా మీ కళ్ళతో మీరే చూసుకోండి. బండివాడికి కోపమొస్తే రానీయండి."

"మా అమ్మ ఊపితేనో?"

"మీ అమ్మయినా అంతే."

"మీరు ఊపితే, మిస్?"

"నేనైనా సరే. నాకంత సీనేం లేదు."

పిల్లలు నవ్వారు. బళ్ళో ఒకప్పుడు టీగన్ పక్కన కూర్చునే పిప్పా నవ్వలేదు.

"మరి మెర్వ్ తాత ఊపితే?"

నవ్వులన్నీ ఆగిపోయాయి. ఆయన వంక చూడకూడదనుకుంటూనే చూసింది గ్లెనిస్. ఆయన తల ఎత్తలేదు.

"మెర్వ్ తాత ఊపినా ఆగాల్సిందే," అంది.

తరువాత పిల్లలు సుద్దగీతల మధ్య వరుసగా తొక్కసాగారు. చైను బిగించడం అయ్యాక మెర్వ్ లేచి, అవతల నిలబడ్డ పిప్పాను రమ్మని, అలవాటు కొద్దీ చెయ్యి ఊపాడు.

వరుసంతా టక్కున ఆగింది. అందరూ కాళ్ళు నేలకు ఆనించి, అటూ ఇటూ చూసి, ఆయన వంక చూస్తూ నిలబడిపోయారు. పిప్పా కూడా కదలలేదు.

ఆయన చెయ్యి దించేశాడు. సైకిలు తానే నడిపించుకుంటూ వెళ్ళి ఆ పిల్లకు అందించాడు.