ఉత్తరం కంటే ముందు గొంతు

చెవి దగ్గర ఫోన్ రెండుసార్లు మోగి ఆగుతుంది. కాస్త నిశ్శబ్దం. మళ్ళీ రెండుసార్లు. ప్రతి సెప్టెంబరులోనూ ఒక వారం పాటు నా మధ్యాహ్నాలు ఈ చప్పుడుతోనే గడుస్తాయి. ముందు కొత్త విద్యార్థుల పేర్ల జాబితా, చేతిలో పెన్సిలు, పక్కన చల్లారిపోయిన టీ. అవతలివాళ్ళు ఫోన్ ఎత్తేలోపు ఉండే ఆ కొద్ది క్షణాల్లో నాకు నోరీన్ గుర్తొస్తారు. ఇలా ఫోన్ చేయడం నాకు నేర్పింది ఆవిడే. అయితే ఆవిడ చెప్పినప్పుడు నేను నేర్చుకోలేదు. ఒక అమ్మాయికి అన్యాయం చేశాక నేర్చుకున్నాను.

కోవిడ్ మొదటి ఏడాది మేము ఐర్లండ్‌లోని అత్లోన్‌లో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నా భార్య అక్కడే ఒక మందుల కంపెనీలో పనిచేసేది. నా ఉద్యోగం చెర్రీవుడ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ హెచ్.ఆర్. విభాగంలో. ఆఫీసు మూతపడ్డాక పనంతా ఇంట్లోంచే. రైలు ప్రయాణం తప్పడంతో మిగిలిన సమయంలో ఏదైనా చేద్దామనిపించి, ఒక విశ్వవిద్యాలయంలో ట్యూటర్ కావాలన్న ప్రకటన చూసి దరఖాస్తు పెట్టాను. ఎం.ఎస్.లో చేరిన వాళ్ళకు మానవ వనరుల నిర్వహణను పరిచయం చేసే కోర్సు అది. పాఠం నోరీన్ చెబుతారు. వారానికోసారి చిన్న బృందాన్ని కూర్చోబెట్టుకుని ఆ పాఠం మీద చర్చ నడపడం నా పని. అన్నీ తెర మీదే.

అప్పటికి ఆవిడ అరవై దాటారు. తెల్లజుట్టు, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు, వెనక గోడకు ఎప్పుడూ కొద్దిగా వంకరగా ఉండే క్యాలెండరు. మొదటి రోజు నేను అలవాటు కొద్దీ మేడమ్ అన్నాను. "మేడమ్ అంటే నేను టోపీ పెట్టుకుని రావాలి ప్రసాద్, నాకు టోపీ నప్పదు. నోరీన్ చాలు" అన్నారు. అంత పెద్దావిడను పేరు పెట్టి పిలవడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆవిడ మాత్రం నా పేరును నాచేత నాలుగుసార్లు పలికించుకుని, తనకు వినిపించినట్టుగా నోటుబుక్కులో రాసుకున్నారు. విద్యార్థులందరికీ తరగతులు మొదలయ్యే ముందే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అలాగే రాసుకున్నారని తర్వాత తెలిసింది. ఇంతమందికి ఒక్క మెయిల్ సరిపోయేది కదా అనుకున్నాను.

మొదటి పాఠం నేనూ విన్నాను. ఆవిడ స్లైడు తెరవలేదు. తన గురించి చెప్పారు. సొంత ఊరు ఎన్నిస్. అక్కణ్ణుంచి రోజూ షానన్‌లోని ఒక ఫ్యాక్టరీకి వెళ్ళి సిబ్బంది అధికారిగా ఇరవై ఏళ్ళు పనిచేశారు. ఒకసారి ఫ్యాక్టరీలో ఒక విభాగం మూసేశారు. ఉద్యోగాలు పోయాయని చెప్పే ఉత్తరాలు సాయంత్రం పోస్టు చేశారు, మర్నాడు పొద్దున మీటింగు పెట్టి అందరికీ చెబుదామనుకున్నారు. ఆ పొద్దున పోస్టు తొందరగా వచ్చింది. ఒక కార్మికుడు పొద్దుటి షిఫ్టులో ఉన్నాడు. ఇంట్లో భార్య ఉత్తరం విప్పి చదివి, కోటు కూడా వేసుకోకుండా ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. ఆవిడ ఎందుకొచ్చిందో అర్థంకాక అతను నవ్వుతూ బయటికి వెళ్ళాడు.

"ఆ ఉత్తరం మీద సంతకం నాది" అన్నారు నోరీన్. "అతని వార్త అతనికి తప్ప అందరికీ తెలుసు."

ఎవరో విద్యార్థి, ఇంతకీ హెచ్.ఆర్. అంటే నిర్వచనం ఏమిటని అడిగాడు. "ఉత్తరం కంటే ముందు గొంతు వెళ్ళాలి. నాకు తెలిసిన హెచ్.ఆర్. అంతే. మిగతాది స్లైడ్లలో ఉంది, పరీక్షకు అది రాయండి, ఇది రాస్తే మార్కులు రావు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఏడాది వసంతంలోనే మా సంస్థలో కాంట్రాక్టులు రద్దు చేస్తూ ఉత్తరాలు పంపింది నేనే. ఒకే ముసాయిదా, పేర్లు మార్చాను. ఒక మధ్యాహ్నంలో పని ముగించినందుకు మా మేనేజరు మెచ్చుకున్నాడు. నోరీన్ చెప్పింది పాతకాలపు మాట అని సర్దిచెప్పుకున్నాను.

నా చర్చా తరగతి మంగళవారం నాలుగు గంటలకు. తెర మీద ముఖాలకు బదులు పేర్లున్న నల్లటి పెట్టెలు కనిపించేవి. వాటితో మాట్లాడలేక రెండో వారంలో ఒక నియమం పెట్టాను: కెమెరా వేయనివాళ్ళు రానట్టే లెక్క. ఆ నియమం ఎవరూ పెట్టమనలేదు, నేనే పెట్టాను. మెల్లగా ముఖాలు వెలిగాయి. ఒక పెట్టె మాత్రం నల్లగానే ఉండిపోయింది. దాని మీద స్రవంతి అని ఉండేది. కరీంనగర్ నుంచి వచ్చిన అమ్మాయి. అడిగితే జవాబు చెప్పేది, మంచి జవాబే చెప్పేది, కానీ గుసగుసగా, వెనక ఏవో తలుపుల చప్పుళ్ళతో.

మూడో వారం తరగతి మధ్యలో తను నాకొక్కడికే కనిపించేలా చాట్‌లో ఒక సందేశం పెట్టింది. తెలుగు మాటలు, ఇంగ్లీషు అక్షరాలు. "అన్నా, కెమెరా గురించి మీకొక మాట చెప్పాల్నుండె."

నేను జవాబు ఇంగ్లీషులో రాశాను. ఏదైనా ఉంటే అధికారికంగా మెయిల్ పంపమని, నన్ను ట్యూటర్‌గా సంబోధించమని. చాలా మర్యాదగా రాశాను. ఎందుకలా చేశానో ఇప్పుడు దాచడం దేనికి? నాకు భయం. మనవాళ్ళకు మార్కులు వేసుకుంటున్నాడని అక్కడివాళ్ళు అంటారేమోనన్న భయం. ఎవరూ అనలేదు, ఎవరి మనసులోనూ ఆ మాట లేదు. కానీ అన్నా అన్న పిలుపు నాకు ఒక సిఫారసులా వినబడింది. ఐరిష్ కుర్రవాడు చనువుగా పేరు పెట్టి పిలిస్తే నవ్వినవాణ్ణి, ఈ అమ్మాయి తన అలవాటు ప్రకారం పిలిస్తే తలుపు వేశాను. తన నుంచి మెయిల్ రాలేదు. నేను మళ్ళీ అడగలేదు.

ఆరో వారానికి నా లెక్క ప్రకారం ఆమె హాజరు బాగా తగ్గింది. అంత తగ్గితే హెచ్చరిక ఉత్తరం పంపాలి. అది అలాగే కొనసాగితే విశ్వవిద్యాలయం ఇమిగ్రేషన్ వాళ్ళకు తెలియజేస్తుంది. అంటే ఆ అమ్మాయి చదువూ, ఈ దేశంలో ఉండే అనుమతీ రెండూ ప్రమాదంలో పడతాయి. ఇదంతా నాకు తెలుసు. తెలిసే ఉత్తరం రాసి మెయిల్ చేశాను. ఒక ప్రతి నోరీన్‌కు, ఒకటి రిజిస్ట్రార్ కార్యాలయానికి పంపాను. మనమ్మాయి అయినా వదల్లేదని లోపల కొంచెం గర్వపడ్డాను కూడా. ఆ రోజు భోజనం దగ్గర నా భార్యతో ఈ సంగతి చెప్పాను. "ఆ పిల్లకి ఏం ఇబ్బందో కనుక్కున్నారా?" అంది. నియమం నియమమే అన్నాను. "ఆ నియమం పెట్టింది తమరేగా" అని పప్పు గిన్నె నా వైపు జరిపింది.

మర్నాడు పొద్దున నోరీన్ ఫోన్ చేశారు. ఎప్పటిలాగే మొదటి మాట, "మాట్లాడటానికి ఇప్పుడు వీలవుతుందా?"

అవుతుందన్నాను.

"స్రవంతికి ఉత్తరం పంపావు. ముందు అడిగావా?"

"నియమం ముందే చెప్పాను కదా. మెయిల్ పంపమని కూడా..."

"చెప్పావు. పంపావు. అడిగావా?"

ఫోన్‌లో ఆవిడ ఇంటి గడియారం చప్పుడు వినబడింది.

"నిన్న నీ మెయిల్ చూడగానే నేను ఆ అమ్మాయికి ఫోన్ చేశాను" అన్నారు చివరికి. "తను ఏం చెప్పిందో నేను చెప్పను. అది నువ్వే వినాలి. ఇప్పుడే చెయ్యి. మీ భాషలో మాట్లాడు, నాకేం అభ్యంతరం లేదు. అభ్యంతరం ఉందని నీకు ఎవరు చెప్పారో నాకు తెలీదు."

ఫోన్ చేశాను. చాలాసేపు మోగింది. "హలో సర్" అంది స్రవంతి. నేను తెలుగులో పలకరించాను. తనూ తెలుగులోనే జవాబిచ్చింది.

"ఆ టైంకు నేను నర్సింగ్ హోంల డ్యూటీల ఉంట సర్. నాలుగింటికి బ్రేక్ ఇస్తరు. దుప్పట్లు పెట్టే రూంల కూసొని క్లాస్ ఇంట. అక్కడ కెమెరా పెట్టొద్దు. ముసలోళ్ళు అటూఇటూ పోతుంటరు గద, వాళ్ళ మొహాలు పడొద్దని రూల్."

"మెయిల్‌లో రాయాల్సింది కదమ్మా" అన్నాను. ఇంకా నన్ను నేను కాపాడుకుంటూనే ఉన్నాను.

"రాస్తే ఆఫీసుకు పోతదని భయమైంది సర్. డ్యూటీల ఉండి క్లాస్ ఇంటున్ననంటే ఏమంటరో ఏమో. మీకు నోటితోని చెప్తే అర్థమైతదనుకున్న. ఇగ ప్రాబ్లం లేదు సర్. పని మానేస్తనని మా మేనేజర్‌కు పొద్దున చెప్పిన. వచ్చే మంగళవారం సంది కెమెరా ఆన్ చేస్త."

ఆ నెలల్లో నర్సింగ్ హోముల్లో, అంటే ఇక్కడి వృద్ధుల సంరక్షణ గృహాల్లో, పనిచేసే మనుషులు చాలక ఎంత అవస్థ పడుతున్నారో రోజూ వార్తల్లో వింటున్నాం. సొంతబిడ్డలకు కూడా లోపలికి అనుమతి లేదు. వాళ్ళ పెద్దవాళ్ళకు అన్నం తినిపిస్తున్న అమ్మాయి, నాకు తన ముఖం చూపించడం కోసం ఆ పని మానేయబోతోంది. పని మానొద్దని, కెమెరా అక్కర్లేదని, ఉత్తరం వెనక్కి తీసుకుంటానని చెప్పాను. తప్పు నాదేనన్నాను. "అయ్యో, పర్వాలేదు సర్" అంది. నాలుగైదు నిమిషాల మాటల్లో ఒక్కసారి కూడా అన్నా అనలేదు.

ఉత్తరం వెనక్కి తీసుకోవాలంటే శుక్రవారం కోర్సు సమావేశంలో కారణం చెప్పాలి. నోరీన్ ఒక్క మాటతో సరిచేయగలరు. చేయలేదు. నా పేరు పిలిచి ఊరుకున్నారు. రిజిస్ట్రార్ కార్యాలయం ఆవిడ, మరో ఇద్దరు అధ్యాపకులు తెర మీద ఎదురుచూస్తున్నారు. "కొంత కమ్యూనికేషన్ గ్యాప్ వచ్చింది" అన్నాను. ఆఫీసులో వెయ్యిసార్లు వాడిన మాట అది.

"ఎవరికీ ఎవరికీ మధ్య?" అన్నారు నోరీన్. గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగినట్టే అడిగారు.

అప్పుడు చెప్పాను. ఆ అమ్మాయి నాకు చెప్పబోయింది, నేను ఆపేశాను. ఆమె ప్రతి తరగతికీ వచ్చింది, ప్రశ్నలకు జవాబులు చెప్పింది, నేను రానట్టు రాశాను. పక్షపాతం అంటారన్న భయంతో న్యాయం తప్పాను. వాక్యాలు చిన్నవే, కానీ ఒక్కొక్కటీ బయటికి రావడానికి సమయం పట్టింది. రిజిస్ట్రార్ కార్యాలయం ఆవిడ "గ్రాండ్, అయితే హాజరు సరిచేస్తాను" అంది, ఇక్కడివాళ్ళు సరే అనడానికి వాడే మాటతో. అరనిమిషంలో అయిపోయింది. సమావేశం ముగిశాక నోరీన్ ఒక్కరే తెర మీద ఉండిపోయారు. "గేటు దగ్గర నిలబడ్డ ఆ భార్యతో నేను ఏమీ మాట్లాడలేకపోయాను ప్రసాద్. కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. నువ్వు ఫోన్ అయినా చేశావు" అన్నారు. అది ఓదార్పో, హెచ్చరికో నాకు ఇప్పటికీ తేలలేదు.

స్రవంతి పని మానలేదు, చదువూ ఆగలేదు. ఏడాది చివర మంచి మార్కులతో గట్టెక్కింది. నోరీన్ మరుసటి సంవత్సరం పదవీ విరమణ చేసి ఎన్నిస్ వెళ్ళిపోయారు. వెళ్తూ కోర్సు నాకు అప్పగించాలని సిఫారసు చేశారు. ఎందుకు నన్నే అని అడిగితే, "ఒకసారి దెబ్బతిన్నవాడు మెట్టు చూసి దిగుతాడు" అన్నారు. రెండేళ్ళ క్రితం ఆవిడ పోయారు. ఎన్నిస్‌లో ఆఖరి చూపు కోసం నిలబడ్డ వరసలో నా ముందు నలుగురి అవతల స్రవంతి ఉంది. ఇప్పుడు అదే నర్సింగ్ హోంలో సిబ్బంది వ్యవహారాలు చూస్తోందట. నోరీన్ ప్రతి క్రిస్మస్‌కూ ఫోన్ చేసేవారని చెప్పింది. "నా పేరు మా అమ్మ పిలిచినట్టే పిలుస్తుండె సర్" అంది. కళ్ళు తుడుచుకుని, నేను ఎలా వెళ్తానో, రైలు ఎన్నింటికో కనుక్కుంది. మంచి మనసుతోనే మాట్లాడింది. ఆ సర్ మాత్రం అలాగే ఉంది. తీసేయమని అడిగే హక్కు నాకు లేదు.

ఆ కోవిడ్ వసంతంలో కాంట్రాక్టులు రద్దు చేస్తూ నేను ఉత్తరాలు పంపిన ఆ ఉద్యోగులెవరికీ నేను ఫోన్ చేయలేదు. ఇప్పుడు చేసి ఏమని చెప్పాలో తెలియదు. వాళ్ళ పేర్లు కొన్ని మాత్రం గుర్తున్నాయి.

ఫోన్ ఇంకా మోగుతోంది. జాబితాలో ఇది పదకొండో పేరు, నెల్లూరు నుంచి వచ్చిన అమ్మాయి. క్లిక్‌మని శబ్దం, వెనక గిన్నెల మోత, ఎవరో ఇంగ్లీషులో కేకేస్తున్నారు. నా పేరు, నేనెవరో తెలుగులో చెప్పి, "మాట్లాడటానికి ఇప్పుడు వీలవుతుందా అమ్మా?" అని అడిగాను.

"లేదన్నా, డ్యూటీలో ఉండా" అంది ఆయాసంగా. అంతలోనే నాలుక కరుచుకున్నట్టు, "సారీ సర్" అంది.

"అన్నా అన్నావుగా, అదే ఉండనీ. ఎప్పుడు చేయమంటావు?"

"నాలుగున్నరకి ఖాళీ అన్నా."

ఆ పేరు పక్కన పెన్సిలుతో నాలుగున్నర అని రాసుకున్నాను.