కిటికీ లేని ఓడ గది

"మనోడే" అన్న మాట ఎవరి నోట విన్నా నేను ఇప్పటికీ అక్కడినుంచి లేచిపోతాను. మా ఇళ్ళల్లో జాగా కొనాలన్నా, పిల్లకు కాలేజీ సీటు కావాలన్నా, దవాఖానలో మంచం దొరకాలన్నా ముందు అక్కడ మనోడు ఎవడున్నాడని వెతుకుతారు. వాడికి పని వచ్చా రాదా అని ఒక్కరూ అడగరు. మనోడైతే చాలు. అలాంటి ఒక మనోడి పుణ్యాన మా చిన్నమ్మకు జరిగింది చెబుతాను. చెబుతుంటేనే ఒళ్ళు మండుతుంది, అయినా చెబుతాను.

చిన్నమ్మ మా అమ్మ చెల్లెలు. ఆమెకు పిల్లలు లేరు. అమ్మ పోయాక మా అన్నకూ నాకూ ఆమే అమ్మ. బతుకంతా గొర్రెల వెంట తిరిగింది. ఎండాకాలం వస్తే మందను తోలుకొని అచ్చంపేట దాటి అడవి అంచుదాకా పోయేవాళ్ళు, నెలల తరబడి చేలల్లోనే పడక. కొన్నేళ్ళ కిందట ఆమె చూపు పక్కల నుంచి మూసుకుపోవడం మొదలైంది. "గొట్టంలకెల్లి చూసినట్టున్నది బిడ్డా," అనేది. పొద్దు గూకితే ఏమీ కనపడేది కాదు. పాలమూరులో కళ్ళ డాక్టరు నన్ను పక్కకు పిలిచి, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కూడా ఎక్కువ కాలం నిలవదు, ఆమె చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే ఇప్పుడే చూపించండి అన్నాడు.

ఏం చూస్తావు చిన్నమ్మా అని అడిగాను. తిరుపతి అంటుందనుకున్నాను.

"సముద్రం నడుమ పొద్దు పొడుసుడు చూడాలె," అన్నది.

ఆమె భర్త, మా చిన్నాయన, వయసులో ఉన్నప్పుడు పాలమూరు కూలీలతో కలిసి బొంబాయి పోయి రేవులో మూటలు మోశాడు. ఒకసారి ఎవరో పెద్ద పడవలో లోపలిదాకా తీసుకుపోయారట. ఏ దిక్కు చూసినా ఒడ్డు లేదని, పొద్దు నీళ్ళలో నుంచే లేచిందని బతికినన్నాళ్ళూ చెప్పేవాడు. "నీళ్ళలకెల్లి లేస్తే ఆరిపోదా?" అని చిన్నమ్మ ఎగతాళి చేసేది. ఆయన పోయాక ఆ మాట ఆమెలో ఉండిపోయింది.

కొత్తకోటలో మాది మందుల దుకాణం. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో కౌంటరు వెనక కూర్చొని ఫోన్లో వెతికాను. బొంబాయి నుంచి గోవాకు ఒక్క రాత్రి ప్రయాణం, పెద్ద ఓడ. ఆ ఓడ టికెట్లు అమ్మే వెబ్‌సైటును చూస్తేనే అసహ్యం వేసింది. "తొందరపడండి, రెండే గదులున్నాయి" అని ఎర్ర అక్షరాలు. మూడు రోజుల తర్వాత చూసినా రెండే. నేను అడగకుండానే మద్యం ప్యాకేజీకి టిక్కు పెట్టి ఉంచారు. తీసేస్తే "మీరు నిజంగా వద్దనుకుంటున్నారా?" అని దేబిరింపు. ఛీ, సంతలో పుచ్చు వంకాయలు అమ్మేవాడికైనా ఇంతకంటే సిగ్గుంటుంది.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఓడ మొత్తాన్నీ అంతస్తులవారీగా బొమ్మ గీసి పెట్టారు. ఏ గదికి కిటికీ ఉందో, దేనికి లేదో, లిఫ్టు ఎక్కడుందో అన్నీ అందులో ఉన్నాయి. గోవాకు పోయేటప్పుడు తూర్పు ఎడమ పక్కన ఉంటుందని ఆలోచించి, పై అంతస్తులో ఎడమ వైపు బాల్కనీ ఉన్న గదులు రెండు తీసుకున్నాను. ఒకటి చిన్నమ్మకూ నాకూ, ఒకటి అన్నకూ వదినకూ. మంచం మీద కూర్చొనే పొద్దు చూడొచ్చు.

సంగతి చెప్పగానే అన్న నెత్తి కొట్టుకున్నాడు.

"ఫోన్ల కొంటివా? రేపు ఏమన్న అయితే ఎవని గల్ల పట్టుకుంటవే? మా బామ్మర్ది లేడా? గదే పని గదా వానిది. మనోడు ఉండంగ బయట కొంటే వాడేమనుకుంటడు?"

 వదిన ముఖం మాడ్చుకుంది. వదిన అన్నయ్యకు పాలమూరులో టికెట్ల ఆఫీసు ఉంది. బస్సులు, రైళ్ళు, కాశీ యాత్రలు చూస్తాడు. నాకు వరసకు బావ. మర్నాడే దిగాడు. కోడికూర తిన్నాడు, రెండుసార్లు చాయ తాగాడు.

"ఏం మరదలా, మమ్ముల మరిసిపోతివా? ఫికర్ జెయ్యకు, అంత నేను చూసుకుంటగా," అన్నాడు.

మా వాళ్ళకు ముసలివాళ్ళతో ప్రయాణమంటే ఒకటే మంత్రం, "కింద". రైల్లో కింది బెర్తు, శ్రీశైలం సత్రంలో కింది గది, పెళ్ళికి పోతే కింది వరండా. అన్న అదే మంత్రం ఎత్తుకున్నాడు. "కిందికి ఇయ్యి బావా, చిన్నమ్మ మెట్లెక్కలేదు." వదినా అదే అన్నది. చివరికి చిన్నమ్మ కూడా, "కిందనే ఇయ్యుమను బిడ్డా, మెట్లు నాతోని గాదు," అన్నది. లిఫ్టు ఉంటుందని నేను మొత్తుకున్నాను. కరెంటు పోతే ఏం చేస్తావన్నాడు అన్న, ఓడకు కూడా మన ఊరి ట్రాన్స్‌ఫార్మరే ఉన్నట్టు.

"బావా, కింద అయినా మీద అయినా కిటికి మాత్రం ఉండాలె. పొద్దు చూసెటందుకే పోతున్నం," అన్నాను.

"కిటికి లేని రూముంటదా మరదలా, ఏడన్న?" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు.

నా గదులు రద్దు చేయించి, అదే ఓడలో బావతో కింది గదులు కొనిపించారు. మొహమాటానికి పోతే మొదటికే మోసం అని మా అమ్మ అనేది. మా ఇంట్లో ఆ మాట అందరికీ నోటికి వచ్చు, ఒక్కరికీ ఆచరణలో లేదు.

బొంబాయిలో ఓడ ఎక్కేసరికి చీకటి పడింది. చిన్నమ్మకు రేవు దీపాలు కూడా మసకమసకగానే కనిపించాయి. "రేపు పొద్దుగాల చూస్తా తియ్యి," అని నా చెయ్యి పట్టుకొని నడిచింది. మా గదులు అన్నిటికన్నా కింది అంతస్తులో ఉన్నాయి. ఆ నడవాలో తడి తివాచీ కంపు, దాని మీద ఫినాయిలు, ఆ రెండింటి మీదా ఎవరో కక్కుకున్న వాసన. గది తలుపు తీస్తే ఎదురుగా కర్టెన్ కనిపించింది. హమ్మయ్య, ఎంతైనా మాట నిలబెట్టుకున్నాడు అనుకొని దాన్ని పక్కకు లాగాను.

వెనక గోడ. ఉత్త గోడ. చిన్నమ్మ కూడా తడిమి చూసింది.

"ఇదేంది బిడ్డా, గోడకు లంగా కట్టిండ్రు?"

ఆమె నవ్వింది. నాకు ఏడుపు వచ్చింది. పై గది ఇస్తారేమోనని కౌంటరు దగ్గరికి పరుగెత్తాను. అన్నీ నిండిపోయాయన్నారు. తిరిగి వచ్చేసరికి చిన్నమ్మ పక్క సర్దుకొని కూర్చుంది. "కిటికి లేకుంటే ఏమాయె, తెల్లారంగ మీదికి పోదాం. నువ్వు పండు, నేను లేపుతా," అన్నది. నేను లైటు ఆర్పి పడుకున్నాను, అలారం పెట్టుకోలేదు. ఆమె లేపుతానంటే ఇక అలారం ఎందుకు? ఆకాశం తెల్లబడుతుందనగా లేవని రోజు ఆమె జన్మలో లేదు. మంద దగ్గర అందరినీ లేపేది ఆమే.

తలుపు దబదబా కొట్టిన చప్పుడుకు మెలకువ వచ్చింది. వదిన గొంతు, "ఇంక పండుకున్నరా? టిఫిన్ అయిపోతాంది!" తడుముకుంటూ పోయి తలుపు తీశాను. నడవా వెలుతురు లోపల పడింది.

చిన్నమ్మ మంచం అంచున కూర్చొని ఉంది. రెండు చేతులతో మోకాళ్ళు గట్టిగా పట్టుకుంది. చెంపలు తడిసిపోయి ఉన్నాయి. వెలుతురు వైపు ముఖం తిప్పింది.

"ఎవలన్న దీపం వెట్టిండ్రా బిడ్డా?"

"లేదు చిన్నమ్మా, తలుపు తీసిన."

"కనవడుతాంది," అన్నది. మళ్ళీ అన్నది, "కనవడుతాంది బిడ్డా."

తర్వాత కొంచెం కొంచెంగా చెప్పింది. ఎప్పటిలాగే వేళకు మెలకువ వచ్చిందట. కళ్ళు తెరిస్తే నలుపు. ఇంకా రాత్రేనేమో అని ఊరుకుంది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ నలుపే. ఇంతలో బయట మనుషుల నడక, పిల్లల నవ్వులు, కప్పుల చప్పుడు వినిపించాయి. తెల్లారిందని అర్థమైంది. తెల్లారినా తనకు నలుపే ఉందంటే ఇంకేమున్నది, కళ్ళు పోయినాయనుకుంది. బతుకంతా ఆకాశం కింద పడుకున్న మనిషికి, కిటికీ లేని గదిలో పగలు కూడా రాత్రేనని తట్టలేదు.

"మరి నన్ను లేపొద్దా?" అని అరిచాను.

"లేపి ఏం జెయ్యాలె? అందరు సంబురంగ వస్తిరి. లేసినంక చెప్దామనుకున్న."

అలా ఆ చీకట్లో, నా మంచం పక్కనే, గొంతు బయటికి రాకుండా ఏడ్చుకుంటూ కూర్చుంది. నేను గుర్రుపెట్టి నిద్రపోతున్నాను.

పైకి తీసుకుపోయాం. పొద్దు బాగా పైకి ఎక్కేసింది. డాబా మీద చెవులు పగిలే పాటలు, రాత్రి తాగినవాళ్ళ ఖాళీ సీసాలు, నూనె కారుతున్న పూరీలు. చిన్నమ్మ రెయిలింగు పట్టుకొని తన గొట్టం చూపుతో మెల్లగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు చూసింది.

"ఒడ్డు కనవడుతాంది గదా," అన్నది. నిజమే. గోవా కొండలు వచ్చేశాయి.

అక్కడినుంచే బావకు ఫోన్ చేశాను. కిటికీ లేదని నీకు ముందే తెలుసా అని అడిగాను.

"తెలుసు గాని మరదలా, మీరందరు కింద కావాలె, కింద కావాలె అంటిరి. నడుమ నేనెందుకు కాదనాలె? అయినా పండుకునేటందుకు కిటికి ఎందుకు?"

థూ! ఆ వెబ్‌సైటు దొంగదే. కానీ అది నన్ను మరదలా అనలేదు, మా ఇంటి కోడికూర తినలేదు. కిటికీ లేని చోట లేదనే రాసింది. ఈయన మాత్రం తెలిసి తెలిసి మా నవ్వుల్లో తనూ నవ్వి పోయాడు. అన్న ఫోన్ లాక్కొని, "పోనియ్యే, మనోడు, మనసుల వెట్టుకుంటడు," అన్నాడు. మనసులో పెట్టుకునేది ఆయనట! తర్వాత ఎప్పుడో బావ మా ఇంటికి వచ్చి, ఈసారి అండమాన్‌కు మంచి ప్యాకేజీ ఉందంటూ మొదలుపెట్టాడు. నేను చాయ అక్కడే పెట్టి లేచి దుకాణానికి పోయాను. వదిన నాతో చాలా రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోతే పీడా పోయిందనుకున్నాను.

ఇంకోసారి తీసుకుపోతానంటే చిన్నమ్మ రానన్నది. బతిమాలాను, తిట్టాను, కదల్లేదు.

చూపు నిజంగా పోయినప్పుడు ఆమె మాకు చెప్పనే లేదు. ఒకరోజు అన్నం గిన్నె అందిస్తే చెయ్యి పక్కకు పోయింది. ముఖం ముందు చెయ్యి ఊపి చూశాను. రెప్ప కొట్టలేదు. నేను బావురుమన్నాను. ఆమె తడుముకొని నా తల మీద చెయ్యి వేసింది.

"ఎందుకేడుస్తవ్ బిడ్డా, నాకేం భయం లేదు. నా ఏడుపంత గా ఓడలనే అయిపోయింది."