కొమ్మక్క తెలిసి చేసిన తప్పు

ఆవిడ అసలు పేరుతో ఆఫీసులో ఎవరూ పిలవరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎక్కడో దూరాన ఉన్న రూటరులోకి లాగిన్ అయి, బయటినుంచి ఎవరినీ రానివ్వొద్దని ఒక నియమం రాసింది. ఆ ఎవరినీలో తానూ ఉన్నానని, తెర కదలక మెదలక నిలిచిపోయాకగానీ తట్టలేదు. కూర్చున్న కొమ్మనే నరుక్కుందని అందరూ పడీపడీ నవ్వారు. అలా కొమ్మక్క అయింది.

నవ్విన నాపచేనే పండింది. పదేళ్ళు తిరిగేసరికి రూటర్ల గదికి ఆవిడే పెద్ద. ఎవరైనా పాత పద్ధతిలో లాగిన్ అయితే, పాస్‌వర్డును బట్టల్లేకుండా బజారులో నడిపిస్తావురా అని ఉతికి ఆరేసేది. రాసిందంతా ఎవరికీ అర్థంకాని లిపిలో మూటగట్టి పంపే ఎస్ఎస్‌హెచ్ తప్ప ఇంకో దారి లేదు. ఎవరి తాళంచెవి ఫైలు వాళ్ళదే, అది లేనివాళ్ళను రూటరు రానివ్వదు. ఇంకో అలవాటు కూడా నేర్పింది. రూటరును ముట్టుకునే ముందు, కాసేపాగి నీ అంతట నువ్వే ఆగి లేచి పాత స్థితికి రమ్మని దానికి టైమరు పెట్టాలి. చెయ్యిజారి దారి మూసుకుపోయినా అదే తెరుచుకుంటుంది.

ఇదంతా చెల్లెలి మొగుడికీ ఆవిడే నేర్పింది. పాముకు పాలు పోసినట్టు, తన ఆఫీసులోనే ఉద్యోగం తనే ఇప్పించింది. వాడు తాగొచ్చి కొట్లాడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ కోపం పెళ్ళాం మీద చూపించి దవడ విరగ్గొట్టాడు. అలాంటి ఆడవాళ్ళు తలదాచుకునే ఇంట్లో చెల్లెలు చేరింది. ఆ ఇంటి వీధితలుపు తాళం నడిచేది కొమ్మక్క చూసే రూటరు మీదుగానే.

అందరూ భోజనాలకు వెళ్ళిన వేళ వాడు ఇనపరాడ్డుతో గదిలోకి వచ్చి గడియ పెట్టాడు. మాట్లాడకుండానే భుజం మీద ఒకటి వేశాడు. ఎముక విరిగిన చప్పుడు ఆవిడకే వినిపించింది. తన మనుషులు ఆ ఇంటి గేటు దగ్గర ఉన్నారనీ, తలుపు తియ్యమనీ చెప్పాడు. ఆవిడ కదల్లేదు. ఎడమచేతిని బల్ల మీద అదిమిపెట్టి రాడ్డుతో వేళ్ళు చితక్కొట్టాడు. జుట్టు పట్టి ఈడ్చి తెర ముందు కూలేశాడు.

కుడిచేత్తో ఒక్కో అక్షరం కొట్టి లాగిన్ అయింది. ఆ ఇంటి రూటరు ఆవిడను గుర్తుపట్టి లోపలికి రానిచ్చింది. ఒకే ఒక్క నియమం రాసి ఎంటర్ నొక్కింది. బయటినుంచి ఎవరినీ రానివ్వకు. తెర నిలిచిపోయింది.

వాడు పగలబడి నవ్వాడు. "నీ టైమరు సంగతి నాకు తెలీదా వదినా? కాసేపట్లో దారి అదే తెరుచుకుంటుంది, అప్పుడు తలుపు తీద్దువుగాని. నాకేం తొందర లేదు."

రాడ్డు ఒళ్ళో పెట్టుకుని బల్లెక్కి కూర్చున్నాడు. కీబోర్డు మీద నెత్తురు కారుతోంది. ఆవిడ కూడా దానికోసమే ఎదురుచూస్తున్నట్టు తెరకేసి చూస్తూ ఉంది. ఇంట్లోవాళ్ళు పిలిస్తే గేటు దగ్గరికి పోలీసులు వచ్చారని, పారిపోతున్నామని వాడి మనుషులు ఫోన్ చేశారు. అప్పుడుగానీ వాడికి అనుమానం రాలేదు.

"టైమరు పెట్టలేదా?"

"లేదు. ఈసారి తెలిసే నరికాను."

ఆ తర్వాత వాడు కుడిచేతిని, పక్కటెముకలను, మూతిని వదల్లేదు. భోజనాలనుంచి తిరిగొచ్చినవాళ్ళు తలుపు బద్దలుకొట్టారు. అదే రాడ్డు లాక్కుని వాణ్ణి చావబాదారు. చాలించండని కొమ్మక్క ఒక్కసారి కూడా అనలేదు.

ఆ రూటరు దారి మళ్ళీ తెరవాలంటే మనిషి వెళ్ళి దానికి నేరుగా వైరు తగిలించాలి. రెండు చేతులకూ కట్లతో ఆవిడే వెళ్ళింది. తలుపు చెల్లెలే లోపలినుంచి తీసింది. అక్క చెబుతుంటే చెల్లెలు టైపు చేసింది. చివర్లో ఎంటర్ మీద వేలు ఆగిపోయింది.

తీగలు బిగించిన దవడతో, "ఇది తెరిస్తే వాడు వస్తాడా అక్కా?" అంది.

వాడు జైల్లో ఉన్నాడని అక్క చెప్పింది. వేలు కదల్లేదు. కొమ్మక్క చెల్లెలి ముఖం చూసి, వైరు పీకెయ్యమంది. ఇవాళ్టికీ ఆ రూటరుకు ఏం కావాలన్నా ఎవరో ఒకరు నడిచి వెళ్ళాల్సిందే. ఆఫీసులో ఎవరూ నవ్వరు.